యంత్ర వాద్యాల నడుమ బాలు గారి గళం

మన సంఘ పత్రికలో సాధారణంగా కరవు భత్యం బకాయిలు, పి.ఆర్.సి. సంగతులు, వైద్య ఖర్చుల బిల్లుల గురించి చదువుకుంటూ ఉంటాం. ఇది ప్రత్యేక సంచిక కాబట్టి చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయవలసిందిగా సంపాదక మిత్రులు కోరారు. రాజుల చరిత్ర, గుడుల చరిత్ర రాయగల పెద్దలు మన సభ్యుల్లో చాలామంది ఉన్నారు. నేను ఎన్నుకున్నది పాట చరిత్ర.

ఏళ్ళ తరబడి వాద్యబృందం మధ్య నిలబడి పాడిన ఒక గాయకుడు, ఆ బృందం స్థానంలో ఎలక్ట్రానిక్ యంత్రాలు వచ్చి కూర్చున్నప్పుడు ఏం చేశాడు? తన విద్యను ఎంతవరకు మార్చుకున్నాడు, దేన్ని మార్చుకోలేదు? ఇదే ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచిన విషయం. ఆ గాయకుడు మన పొరుగు జిల్లా నెల్లూరు వారు, శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యం గారు. టైపు మిషన్ల కాలంలో ఉద్యోగంలో చేరి, కంప్యూటర్ల కాలంలో పదవీ విరమణ చేసిన మన తరానికి ఈ కథ పరాయిది కాదని నా నమ్మకం.

అందరూ కలిసి పాడిన రోజులు

బాలు గారి తండ్రి సాంబమూర్తి గారు హరికథా విద్వాంసులు. బాలు గారు పద్ధతి ప్రకారం శాస్త్రీయ సంగీతం నేర్చుకోలేదు. ఇంట్లో విన్న హరికథలే ఆయనకు తొలిపాఠాలని చెప్పవచ్చు. హరికథకుడికి రాగం ఎంత ముఖ్యమో మాట అంత ముఖ్యం. చివరి వరుసలో కూర్చున్న ముసలమ్మకు కూడా ప్రతి అక్షరం వినపడాలి. ఏ పాత్ర మాట్లాడితే ఆ పాత్ర గొంతు రావాలి. ఈ రెండు లక్షణాలూ బాలు గారి పాటలో చివరిదాకా నిలిచాయి.

ఎస్.పి. కోదండపాణి గారి సంగీత దర్శకత్వంలో 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' చిత్రం కోసం ఆయన తొలిపాట 1966 డిసెంబరు 15న రికార్డయింది. పి. సుశీల, పి.బి. శ్రీనివాస్, ఈలపాట రఘురామయ్య గారల వంటి ఉద్దండులతో కలిసి పాడిన పాట అది. అప్పటి పద్ధతి మనం గుర్తు చేసుకోవాలి. గాయకులు, వయొలిన్ వారు, వేణువు, వీణ, తబలా, డోలక్ వారు అందరూ ఒకే థియేటరులో చేరేవారు. రిహార్సలు జరిగేది. ఒక్కరు తప్పు చేసినా పాట మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకోవలసి వచ్చేది. అందువల్ల ప్రతి ఒక్కరికీ తక్కినవారి భాగం కూడా తెలిసి ఉండేది. కొత్తగా వచ్చిన కుర్రవాడు పెద్దల పక్కన నిలబడి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, మైక్రోఫోనుకు ఎంత దూరంలో ఉండాలో చూసి నేర్చుకునేవాడు. అది రికార్డింగు మాత్రమే కాదు, ఒక బడి కూడా.

తనకు తొలి అవకాశమిచ్చిన గురువును బాలు గారు మరువలేదు. కోదండపాణి గారు 1974లో కన్నుమూశారు. తరువాత తాను మద్రాసులో నెలకొల్పిన రికార్డింగు థియేటరుకు బాలు గారు ఆయన పేరే పెట్టుకున్నారు.

ఆ బడిలో చదివిన చదువుకు నిదర్శనం 'శంకరాభరణం'. కె.వి. మహదేవన్ గారి సంగీతంలో, సంగీత విద్వాంసుడి పాత్రకు గళమిచ్చి ఆయన 1979 సంవత్సరానికి తొలి జాతీయ పురస్కారం అందుకున్నారు.

యంత్రం వచ్చిన వైనం

ఇంతలో లోకంలో మరో మార్పు మొదలయింది. సింథసైజర్ అనే కీబోర్డు విద్యుత్తు సహాయంతో రకరకాల స్వరాలు పుట్టించేది. డ్రమ్ మిషను దరువు వేసేది. సీక్వెన్సరు అనేది ఒకసారి ఎక్కించిన స్వరాలను ఎన్నిసార్లయినా అదే వరుసలో వాయించేది. అయితే ఒక కంపెనీ పరికరం మరో కంపెనీ పరికరంతో కలిసేది కాదు. 1983లో జపాను, అమెరికా తయారీదారులు 'మిడి' అనే ఉమ్మడి పద్ధతికి ఒప్పుకోవడంతో ఆ చిక్కు తీరింది. ఒక్క మనిషి ఒక గదిలో కూర్చుని, పదిమంది వాయించే సంగీతాన్ని సిద్ధం చేయడం తేలికయింది.

మద్రాసులో ఇళయరాజా గారు 1986లో 'పున్నగై మన్నన్' చిత్రానికి కంప్యూటరు సాయంతో సంగీతం చేశారు. అది తెలుగులో 'డాన్స్ మాస్టర్'గా వచ్చింది. తెలుగులో రాజ్-కోటి జంట కొత్త ధ్వనులను ఊరూరికీ చేర్చింది. వీరిద్దరూ పాత తరం సంగీత దర్శకుల బిడ్డలే కావడం విశేషం. రాజ్ గారు టి.వి. రాజు గారి కుమారుడు, కోటి గారు సాలూరి రాజేశ్వరరావు గారి కుమారుడు. తండ్రుల కాలంలో వయొలిన్ల వరుస ఉన్న చోట కొడుకుల కాలంలో కీబోర్డు నిలిచింది. ఆ కీబోర్డు ముందు కూర్చుని రాజ్-కోటి గారికీ, ఇళయరాజా గారికీ వాయించిన యువకుల్లో దిలీప్ అనే కుర్రవాడు ఒకడు. అతడే తరువాత ఎ.ఆర్. రెహమాన్ అయ్యాడు.

దేశం కాని దేశంలో ఇదే ప్రశ్న

ఈ ప్రశ్న మన దగ్గరే పుట్టిందని అనుకోనక్కరలేదు. అమెరికాలో నల్లజాతివారి చర్చి భజనల నుంచి పుట్టిన 'సోల్' అనే సంగీత రీతి ఒకటుంది. పేరుకు తగ్గట్టు ఆత్మలోంచి పాడే పాట అది. అందులో పేరెన్నికగన్న గాయకుడు మార్విన్ గే. 1939లో వాషింగ్టన్ నగరంలో, ఒక చర్చి బోధకుడి ఇంట జన్మించాడు. పాట మొదట నేర్చింది తండ్రి చర్చిలోనే. డెట్రాయిట్ నగరంలోని మోటౌన్ కంపెనీలో పేరు సంపాదించాడు. 1971లో యుద్ధాన్ని, పేదరికాన్ని గురించి అతడు చేసిన ఆల్బంలో ఆ కంపెనీ ఆస్థాన వాద్యబృందంతో పాటు డెట్రాయిట్ సింఫనీ వయొలిన్ వాద్యకారులు కూడా ఉన్నారు.

పదేళ్ళు తిరిగేసరికి అతడి పరిస్థితి తలకిందులైంది. అప్పులు, పన్ను బకాయిలు, మాదకద్రవ్యాలు చుట్టుముట్టాయి. 1981లో బెల్జియం దేశంలో సముద్రతీరాన ఉన్న ఓస్టెండ్ పట్టణానికి చేరాడు. అక్కడ డెట్రాయిట్ బృందం లేదు. ఉన్నవల్లా రోలండ్ కంపెనీ వారి కీబోర్డు, టి.ఆర్. 808 అనే డ్రమ్ మిషను, గిటారు వాయించే బావమరిది. ప్రధానంగా వాటితోనే 1982లో 'మిడ్‌నైట్ లవ్' అనే ఆల్బం తెచ్చాడు. అందులోని ప్రధాన గీతం 1983లో రెండు గ్రామీ పురస్కారాలు గెలుచుకుంది. ఆ డ్రమ్ మిషను 1980 నుంచి 1983 దాకా సుమారు పన్నెండు వేలే తయారయిందట. అసలు డప్పులా మోగడం లేదని ఆనాడు చాలామంది దాన్ని పెదవి విరిచి పక్కన పెట్టారు. మార్విన్ గే మాత్రం ఆ బోలుతనాన్నే వాడుకున్నాడు. చుట్టూ వాద్యాల హోరు లేదు కనుక గొంతులోని చిన్న వణుకు కూడా వినిపించింది. తన గొంతునే పొరలు పొరలుగా రికార్డు చేసి తనకు తానే వంత పాడుకున్నాడు.

ఆ వైభవం ఎంతోకాలం నిలవలేదు. 1984 ఏప్రిల్ 1న ఇంట్లో జరిగిన ఘర్షణలో కన్నతండ్రి తుపాకి గుండుకే బలయ్యాడు. మరునాడు అతడికి నలభై అయిదేళ్ళు నిండవలసి ఉంది.

ఇరవై రెండు రోజుల తేడా

తిరిగి మన కథకు వద్దాం. బాలు గారి తొలిపాట రికార్డయింది 1966 డిసెంబరు 15న అని పైన చెప్పాను. రెహమాన్ పుట్టింది 1967 జనవరి 6న. సరిగ్గా ఇరవై రెండు రోజుల తేడా. అంటే రెహమాన్ వయస్సు ఎంతో, బాలు గారి వృత్తి అనుభవం దాదాపు అంత. రెహమాన్ తండ్రి ఆర్.కె. శేఖర్ గారు మలయాళ చిత్రాల సంగీత దర్శకుడు. ఆయన 1976లో మరణించగా, ఆయన వాద్య పరికరాలను అద్దెకిచ్చి ఆ కుటుంబం రోజులు వెళ్ళదీసింది. ఆ కుర్రవాడే 1989లో కోడంబాకంలోని ఇంటి ఆవరణలో సొంత స్టూడియో కట్టుకున్నాడు.

1992 ఆగస్టు 15న 'రోజా' తమిళంలో విడుదలయింది. అందులోని విరహ గీతాన్ని తమిళంలోనూ, తరువాత తెలుగులోనూ పాడింది బాలు గారే. అప్పటికి ఆయనకు నలభై ఆరేళ్ళు. వేల పాటలు పాడి ఉన్నారు. రెహమాన్ పని తీరు ఆయన పెరిగిన పద్ధతికి పూర్తిగా వేరు. గాయకుడి ముందు వాద్యబృందం ఉండదు. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుంటే యంత్రం వేసే దరువు, ఒకటి రెండు స్వరాలు వినిపిస్తాయి. గాయకుడు రకరకాలుగా పాడి వెళ్ళిపోతాడు. దర్శకుడు వాటిలో కావలసిన ముక్కలు ఏరుకుని, తక్కిన వాద్యాలు తరువాత చేర్చి పాట పూర్తి చేస్తాడు.

ఇందులోని కష్టం పైకి కనపడదు. పాత పద్ధతిలో గాయకుడు ఒక మాట దగ్గర కాస్త ఆగితే తబలా ఆయన కూడా ఆగేవాడు. గాయకుడి భావం చూసి వయొలిన్ వారు తగ్గేవారు. యంత్రం ఎవరికోసమూ ఆగదు. దానికి తాళం తప్పదు, కాని మనిషి ముఖం చూడడమూ తెలియదు. కనుక గాయకుడు తాళానికి వెంట్రుకవాసి ముందో వెనుకో మాటను ఉంచి, ఆ ఇరుకులోనే భావం పలికించాలి. ఎదుట ఎవరూ లేకుండా, ఎవరో ఉన్నట్లు పాడాలి. ఇది హరికథకుడికి తెలిసిన విద్యే. ఒక్కడే నిలబడి రాముడు, సీత, హనుమంతుడు అందరినీ కళ్ళకు కట్టించేవాడు కదా ఆయన!

ఆరవ పురస్కారం

బాలు గారికి గాయకుడిగా ఆరు జాతీయ పురస్కారాలు వచ్చాయి. మొదటి అయిదు 'శంకరాభరణం', 'ఏక్ దూజే కే లియే', 'సాగర సంగమం', 'రుద్రవీణ', కన్నడంలో 'సంగీత సాగర గానయోగి పంచాక్షర గవాయి' చిత్రాలకు వచ్చినవి. వీటిలో హిందీ చిత్రం మినహా నాలుగింటిలో సంగీతమో నాట్యమో కథావస్తువు. శాస్త్రీయ రాగాలు, విద్వాంసుల పాత్రలు, పెద్ద పెద్ద ఆలాపనలు వాటిలో సహజం.

ఆరవది అలాంటిది కాదు. అది 1996 సంవత్సరానికి 'మిన్సార కనవు' చిత్రంలోని 'తంగ తామరై' పాటకు వచ్చింది. 1945లో మొదలయిన ఏవీఎం సంస్థ నిర్మించగా, రాజీవ్ మేనన్ దర్శకత్వంలో 1997 జనవరిలో ఈ చిత్రం విడుదలయింది. తెలుగులో 'మెరుపు కలలు'. మిన్సారం అంటే తమిళంలో విద్యుత్తు. పేరులోనే కరెంటున్న ఆ చిత్రంలో సంగీతమూ అంతే. ఆ పాటను ఓసారి శ్రద్ధగా వినండి. కింద యంత్రపు దరువు నిదానంగా, మార్పు లేకుండా సాగుతుంటుంది. దాని మీద బాలు గారు గొంతు పెంచరు. శంకరశాస్త్రికి పాడిన గళమేనా ఇది అనిపించేంత మెత్తగా, చెవి దగ్గర మాట్లాడుతున్నట్లు పాడతారు. కాని ఒక్క అక్షరం నలగదు. ఆ సంవత్సరం రెహమాన్‌కు ఉత్తమ సంగీత దర్శకుడిగా, చిత్ర గారికి ఉత్తమ గాయనిగా కూడా అదే చిత్రం ద్వారా పురస్కారాలు దక్కాయి.

అప్పటికి బాలు గారికి యాభై ఏళ్ళు. తమిళంలో అన్నేళ్ళు పాడిన ఆయనకు ఆ భాషలో జాతీయ పురస్కారం తెచ్చిపెట్టింది ఈ కొత్త తరహా పాటే. మార్విన్ గే విషయంలో జరిగినట్లే ఇక్కడా యంత్రం గాయకుడిని మింగలేదు. చుట్టూ చోటు ఖాళీ చేసి, గొంతును ముందుకు తెచ్చింది. అయితే ఆ చోటులో నిలబడడానికి కావలసిన సరుకు మాత్రం యంత్రం ఇచ్చింది కాదు. ఒకరికి అది తండ్రి చర్చిలో, మరొకరికి తండ్రి హరికథలో దొరికింది.

నష్టం ఎవరికి?

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే సగం చరిత్రే చెప్పినట్లవుతుంది. గాయకుడికి చోటు ఖాళీ అయిందంటే, ఆ చోటులో అంతకు ముందు ఎవరో కూర్చుని ఉన్నారన్న మాట. మద్రాసు స్టూడియోల్లో వయొలిన్లు, సితారు, షెహనాయి, డోలక్ వాయించి సంసారాలు ఈదిన తెలుగు, తమిళ, మలయాళ కళాకారులు వారు. పాటల పుస్తకం మీద వారి పేర్లు లేవు. వారికి పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు. పని తగ్గినప్పుడు అడిగే నాథుడు లేడు. మనకు కంప్యూటరు వస్తే శిక్షణ ఇచ్చారు, జీతం కొనసాగింది. వారికి ఆ భాగ్యం కలగలేదు.

ఇదే మార్పు చిన్న ఎత్తున మన పశ్చిమ ప్రకాశంలో కూడా జరిగింది. మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాల బడుల్లో పనిచేసిన రోజుల్లో నేను తిరునాళ్ళ నాటకాలు చాలా చూశాను. పద్య నాటకానికి హార్మోనియం ప్రాణం. నటుడు రాగం తీస్తూ ఎంత దూరం వెళ్తే హార్మోనియం అంత దూరం వెంట వెళ్ళేది, అతడు శ్రుతి తప్పబోతే మెల్లగా వెనక్కు పిలిచేది. తొంభైల్లో ఆ పెట్టె పక్కకు బుల్లి కీబోర్డు వచ్చి చేరింది. ఒక తిరునాళ్ళలో నాటకం మొదలు కాకముందు నాకు పరిచయమున్న హార్మోనిస్టు ఒకాయన దాన్ని చూపించి అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"అయ్యోరూ, దీంట్లో తబలా కూడా ఉందంట. మీట నొక్కితే అదే వాయిస్తాదంట. మరి మా తమ్ముడు ఏం జెయ్యాల?"

ఆయన తమ్ముడు ఆ బృందంలో తబలా వాయించేవాడు. నా దగ్గర జవాబు లేదు. మరి రెండేళ్ళకు ఆ తమ్ముడు తబలా అటకెక్కించి పలకల ఫ్యాక్టరీలో కూలికి చేరాడు. ఆ ఫ్యాక్టరీలకూ అలాంటి రోజులే వచ్చాయి. మార్కాపురం రాతి పలక మీద అక్షరాలు దిద్దిన తరం మనది. నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక ఆ గిరాకీ పడిపోయింది. అదే రాయిని గోడలకూ, నేలకూ పరిచే బిళ్ళలుగా కోసి కొందరు నిలదొక్కుకున్నారు. నిలదొక్కుకోలేనివారు మూసుకున్నారు. రాయి అదే అయినా, దాన్ని కోసే చేతులన్నీ మారలేకపోయాయి. పాట విషయమూ అంతే. బాలు గారు మారగలిగారంటే ఆయన ప్రతిభ ఒక కారణం. గొంతును కీబోర్డులో పెట్టడం అప్పటికి ఇంకా సాధ్యం కాకపోవడం మరో కారణం. తబలాను పెట్టగలిగారు. ఆ తేడాను మనం మరచిపోరాదు.

రెండు చేతులా

బాలు గారి జీవితంలో నాకు అన్నిటికంటే నచ్చిన విషయం ఇక్కడే ఉంది. యంత్ర సంగీతానికి ఏ సంవత్సరపు జాతీయ పురస్కారం పొందారో ఆ 1996లోనే ఈటీవీలో 'పాడుతా తీయగా' ప్రారంభమయింది. ఆ వేదిక మీద పిల్లల వెనుక కీబోర్డుతో పాటు వేణువు, తబలా పట్టిన మనుషులు కూర్చునేవారు. బాలు గారు పిల్లల ఉచ్చారణ దిద్దేవారు, పాత పాటల వెనుక ఉన్న సంగతులు చెప్పేవారు, వాద్యకారులను పేరు పెట్టి మెచ్చుకునేవారు. స్టూడియోలో పోయిన బడిని ఆయన టీవీ వేదిక మీద మళ్ళీ తెరిచారని నా అభిప్రాయం. కొత్త పరికరాన్ని ఒక చేత్తో అందుకుని, పాత తోటివారిని రెండో చేత్తో వదలకుండా పట్టుకున్నారు. 2020 సెప్టెంబరు 25న చెన్నైలో ఆయన కన్నుమూసినప్పుడు, యంత్రాలకు ముందు పుట్టినవారూ, తరువాత పుట్టినవారూ సమానంగా దుఃఖించడానికి ఇదే కారణమనుకుంటాను. మరణానంతరం 2021లో ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది.

ఇక మన సంఘానికి సంబంధించిన ఒక మనవి చేసి ముగిస్తాను. మన వార్షికోత్సవాల్లో ఇప్పుడు చాలామంది సోదర సోదరీమణులు సెల్‌ఫోనులో కరోకే ట్రాకు పెట్టుకుని ఘంటసాల గారి పాటలు, బాలు గారి పాటలు పాడుతున్నారు. ఎంతో సంతోషం. అరవై ఏళ్ళు దాటాక మైకు ముందు నిలబడే ధైర్యం ఆ ట్రాకు వల్లనే వచ్చింది. దాన్ని మానమని నేను చెప్పను. అయితే వచ్చే సమావేశంలో కనీసం నాలుగు పాటలయినా మన ప్రాంతపు హార్మోనియం, తబలా, డోలక్ కళాకారులను పిలిపించి, తగిన పారితోషికమిచ్చి, వారితో కలిసి పాడుకుందాం. మనం తాళం తప్పితే ట్రాకు మనల్ని వదిలేసి ముందుకు పోతుంది. తబలా ఆయన ఒక్క క్షణం ఆగి మనల్ని కలుపుకుంటాడు. ఈ ప్రతిపాదనను కార్యవర్గం వారు చర్చకు పెట్టవలసిందిగా కోరుతున్నాను. మొదటి విరాళంగా నా వంతు వెయ్యి రూపాయలు కోశాధికారి గారికి అందజేస్తాను.